కారు షెడ్డులో జారని గచ్చు



నేడు సిద్దిపేట పట్టణమున ఏ వీథిని నడచినను, కొత్తగా కట్టిన ఇంటికి గేటు వెనుక మొదట కనబడునది కారు నిలుపు తావు. దానినే మనవారు పోర్టికో యనియు, కారు షెడ్డు అనియు వ్యవహరింతురు. అంతస్తుమీద అంతస్తు లేచిన చోట్ల క్రింది భాగము యావత్తు స్తంభములపై నిలిచి, వాహనముల కొరకే విడువబడుచున్నది. పాశ్చాత్య దేశములలో గరాజు అనగా ఇంటి ప్రక్కన తలుపు వేసిన వేరొక గది. దానిలోనికి మనుష్యుడు బూట్లతో పోయి, బూట్లతోనే వెలువడును. మన షెడ్డు స్వభావము అది కాదు. కారునకు నిలుపు తావై యుండియు అది ఇంటికి వాకిలి కూడ అయి యున్నది. తెల్లవారగనే ఆ గచ్చును కడుగుదురు, ముగ్గు వేయుదురు. చెప్పులు ఆ మూలనే విడిచి వట్టి పాదములతో లోనికి నడతురు. వాన కురిసిన సాయంకాలము పిల్లలు అక్కడనే ఆడుదురు. పెసలో కందులో ఆరబోయవలసి వచ్చినను, శుభకార్యము నాటి వంటపాత్రలు తోమవలసి వచ్చినను ఆ చోటే శరణ్యము. వృద్ధురాలగు తల్లి వేకువజామున నీళ్ల బకెటుతో మొదటి అడుగు మోపునది ఆ గచ్చుమీదనే. అట్టి నేలకు పూత ఎంచుకొనునపుడు కారు టైరును మాత్రమే తలచి, తడిసిన వట్టి పాదమును మరచుట నాకు మిక్కిలి ఆందోళన కలిగించుచున్నది కావున, ఎపాక్సీ పూతను గురించి, అందును జారకుండ చేయు పూతను గురించి, ఈ ప్రసంగమున నాకు తెలిసినది విన్నవించెదను.

ఎపాక్సీ అను ద్రవ్యము మన ఇండ్లకు అపరిచితము కాదు. విరిగిన పింగాణీ పాత్రను అతికించుటకు రెండు గొట్టములనుండి పిండి కలుపు ఆరల్డైటు ఆ జాతిదే. స్విట్జర్లాండు దేశీయుడగు పియెర్ కాస్టాన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1930ల దశకమున ఈ రెజిన్లను రూపొందింపగా, సీబా కంపెనీ ఆ విద్యను చేపట్టి 1946లో ఆరల్డైటు పేర జిగురును విపణిలో ప్రవేశపెట్టెను. బిస్ఫినాల్ ఏ, ఎపిక్లోరోహైడ్రిన్ అను రెండు రసాయనముల సంయోగమువలన రెజిన్ పుట్టును. అమీన్ జాతికి చెందిన హార్డెనరు దానిలో కలిసినంతనే అణువులు ఒండొంటితో పెనవేసికొని, వేడి పుట్టించుచు, మరల కరగని ఘనపదార్థముగా మారును. సిమెంటును గట్టిగా పట్టుకొను శక్తియు, నూనెకు లొంగని గుణమును, అతుకులు లేని తలమును దీనికి గలవు గనుక కర్మాగారములు దీనిని ఆదరించినవి. మన దేశమున భారతీయ ప్రమాణముల సంస్థ ఐ.ఎస్. 4631 అను ప్రమాణమును ఎపాక్సీ గచ్చు వేయు విధానమునకే ప్రత్యేకించినది.

హైదరాబాదు చుట్టుపట్ల నున్న మందుల కర్మాగారములలో ముఖము కనబడునట్లు మెరయు నేలలు ఈ పదార్థమువే. అచట నునుపు గుణమే గాని దోషము కాదు. ధూళి నిలువరాదు, సూక్ష్మజీవి దాగరాదు, పనివారు తగిన పాదరక్షలు ధరించియే తిరుగుదురు, ఒలికిన నీటిని వెంటనే తుడిచివేయుదురు. ఆ పనియందు చేయి తిరిగిన కంట్రాక్టరు అదే నునుపును మన వాకిటికి తెచ్చుటయు, దాని మెరుపు చూచి యజమాని ముచ్చటపడుటయు సహజము. కాని గాలివాన జల్లు లోనికి కొట్టిన నాడు ఆ నునుపే కాలు విరుచును. కర్మాగారమునకు తగిన నేల వాకిటికి తగదు. నేడు నేను చెప్పదలచిన దంతయు ఈ ఒక్క భేదమునుండియే బయలుదేరుచున్నది.

తడి నేల జారుటకు కారణము సూక్ష్మమైనది. నీరు పాదమునకును నేలకును నడుమ పలుచని పొరగా చిక్కుకొని, ఆ రెండును ఒకదాని నొకటి తాకకుండ అడ్డుపడును. ఆ పొరను చీల్చుకొని పైకి నిలుచు మొనలు నేలపై నున్నచో పాదమునకు పట్టు దొరకును, లేనిచో లేదు. వట్టి నీటికైనను ఈ గరుకుదనము 20 మైక్రానులకు పైబడి యుండుట క్షేమమని బ్రిటనులోని ఆరోగ్య భద్రతాధికారుల మార్గదర్శనము. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు గనుక ఇది తల వెండ్రుక మందమునకైన చాలని ఎత్తు. సబ్బునీరును ఇంజను నూనెయు నీటికంటె చిక్కనివి కావున వానికి ఇంకను పొడవైన మొనలు కావలెను. నునుపుగా పరచిన ఎపాక్సీ తలమున ఆ మాత్రపు మొనలును ఉండవు. ఎంత వెల పెట్టి కొన్నదైనను, ఎంత దృఢమైనదైనను, తడిసినపుడు అది జారుడుబండయే.

జర్మనీలో ఈ గుణమును కొలుచు పద్ధతి చెప్పదగినది. మనిషికి పడకుండ త్రాడు కట్టి, పరీక్షింపవలసిన నేలను పరచిన బల్లపై నడిపించుచు, ఆ బల్లను క్రమక్రమముగా వాలుగా ఎత్తి, ఏ కోణమున అతని అడుగు జారునో గుర్తింతురు. బూట్లు తొడిగించి, నూనె పోసి చేసిన పరీక్షనుండి ఆర్ 9 మొదలు ఆర్ 13 వరకు శ్రేణులు ఏర్పడినవి. వట్టి పాదములతో సబ్బునీటిమీద చేసిన పరీక్షనుండి ఏ, బీ, సీ అను మూడు శ్రేణులు ఏర్పడినవి. ఏ శ్రేణికి 12, బీ శ్రేణికి 18, సీ శ్రేణికి 24 డిగ్రీల వాలు వరకు పాదము నిలువవలెను. కంపెనీవారి కరపత్రమునందు ఆర్ అక్షరము ప్రక్క పెద్ద అంకె చూచి తృప్తిపడుట చాలదు, అది బూటు లెక్క. మనకు వలసినది వట్టి పాదముల లెక్క. అందు బీ శ్రేణికి నిలుచు పూత దొరకినచో సిద్దిపేట వాకిటికి అది చాలునని నా అభిప్రాయము. ఈ అక్షరములను గురించి దుకాణమున అడిగినపుడు సమాధానము రాకపోవచ్చును. అయినను అడుగవలెను, ఏలయనగా కొనువాడు అడుగని సంగతిని అమ్మువాడు తెలిసికొనడు.

పూతకు ఈ మొనలను ఇచ్చునది దానిపై చల్లు రవ్వ. బజారున ప్రధానముగా మూడు తెరగుల రవ్వలు దొరకును. మొదటిది రంగులోనే కలిపివేయు సన్నని ప్లాస్టిక్ పూసలు. ఇవి గుండ్రనివి, పాదమునకు మెత్తనివి, అయితే టైరు నిత్యము తిరుగు చోట త్వరగా అరిగిపోవును. పైగా డబ్బాలో ఒక మూలకు చేరి, గచ్చుపై ఒకచోట దట్టముగాను వేరొకచోట శూన్యముగాను పడు స్వభావము గలవి. రెండవది అల్యూమినియం ఆక్సైడు. కాఠిన్యమున వజ్రమునకు పదియని లెక్కించు మోహ్స్ కొలమానమున దీనికి తొమ్మిది. లారీలు తిరుగు వర్కుషాపులలో దీనికి సాటి లేదు గాని, ఇంటి వాకిట దీనిని చల్లినచో పసిపిల్ల మోకాలు ఒరసికొనిపోవును, తుడుపుగుడ్డ పీలికలగును, మురికి ఆ మొనల నడుమ చేరి చీపురునకు లొంగదు. మూడవది స్ఫటికపు ఇసుక, అనగా క్వార్ట్జు. దీని కాఠిన్యము ఏడు. కడిగి, ఆరబెట్టి, జల్లెడపట్టి, 0.3 నుండి 0.6 మిల్లీమీటర్ల పరిమాణమున సంచులలో అమ్ముదురు. టైరునకు ఓర్చునది, పాదమును గాయపరచనిది ఇదియే గనుక మన అవసరమునకు దీనినే నేను మొదట తలచుదును. ఇసుకయే గదా యని కూడవెల్లి వాగునుండి తెచ్చినదానిని చల్లించు వారు కలరు. వాగు ఇసుకలో ఒండ్రు ఉండును, తేమ ఉండును, గింజ గింజకు పరిమాణము మారును. ఒండ్రు అంటిన గింజ ఎపాక్సీని పట్టుకొనజాలక కొలది దినములలోనే ఊడివచ్చును.

రవ్వ చల్లుటయందు ఒక నేర్పు కలదు. తడిగా నున్న పూతమీదికి పిడికిటితో విసరినచో గింజలు ఒకచోట కుప్పపడి, ఆ బరువునకు రెజిన్ ప్రక్కలకు తొలగును. చేయి పైకెత్తి, వ్రేళ్ల సందులనుండి గింజ నిలువుగా రాలునట్లు, జల్లువలె కురిపింపవలెను. క్రింది రంగు మరి కనరాక, నేల యావత్తు పొడి ఇసుక పరచినట్లు కనబడు వరకు చల్లి, మరునాడు అంటుకొనని గింజలను ఊడ్చివేసి, మరీ పొడవుగా లేచిన మొనలను తాపీ అంచుతో గీకి, పిమ్మట పై పూత వేయవలెను. ఈ పై పూత మందమే తుది గరుకుదనమును నిర్ణయించును. పలుచగా వేసినచో గింజ కరకుగా నిలుచును, దళసరిగా వేసినచో గింజ మునిగి మరల నునుపే మిగులును. ఏది తగినంత యని మాటలతో చెప్పుట అసాధ్యము గనుక, పని ఆరంభించుటకు ముందే షెడ్డులో ఒక మూల రెండడుగుల చదరమున మచ్చు వేయించి, అది గట్టిపడిన పిదప సబ్బు కలిపిన నీరు పోసి, ఇంటిలోని వారందరు, ముఖ్యముగా ఆ గచ్చును దినదినము కడుగు ఇల్లాలు, వట్టి పాదములతో దానిపై నిలిచి చూడవలెను. తుడుపుగుడ్డతో ఒకసారి తుడిచి కూడ చూడవలెను. ఆమె సరే యన్న మచ్చునే కంట్రాక్టరు షెడ్డంతటికి వేయవలెనని ముందుగానే ఒప్పందము చేసికొనుట మేలు.

రవ్వ ఎంత మంచిదైనను గచ్చును పట్టి యుండని పూత వ్యర్థము. పెచ్చులుగా లేచిన ఎపాక్సీ ముక్క నొకదానిని చేతిలోనికి తీసికొని వెనుక వైపు చూడుడు: సిమెంటు పొడి అంటియున్నచో గచ్చు పై పొర బలహీనమని అర్థము, ఏమియు అంటక శుభ్రముగా నున్నచో నూనెయో, తేమయో, గరుకు చేయని నునుపో పూతను అంటనీయలేదని అర్థము. సిమెంటు వేసిన నాడు మేస్త్రీ తాపీతో మరల మరల రుద్దగా పైకి తేలిన సిమెంటు పాలు ఆరి, గట్టిగా కనబడుచునే లోన పొడియై యుండును. ఈ పొరను తొలగింపక ఏ కంపెనీ పూత వేసినను అది ఆ పొడితో కూడ ఊడివచ్చును. బాత్రూములు కడుగు యాసిడ్ పోసి తొలగించుట చౌకయే గాని, యాసిడ్ నూనె మరకను తాకదు, సోడాతో దాని పులుపు విరిచి కడుగవలెను, కడిగిన నీరు ఆరుటకు దినములు పట్టును. వజ్రపు పళ్లుగల గ్రైండింగు మిషను, దానికి దుమ్ము పీల్చు గొట్టము తగిలించి ఉపయోగించుట ఉత్తమము. పని ముగిసిన పిదప గచ్చుపై నాలుగు నీటి చుక్కలు వేయుడు. నిమిషములోపల ఇంకిపోయి మచ్చ నల్లబడినచో గచ్చు సిద్ధమే, చుక్క ముత్యమై నిలిచినచో ఇంకను పని మిగిలియున్నది.

అన్నిటికంటె మన ప్రాంతమున ఎక్కువ నష్టము కలిగించునది తేమ. ఇంటికి నీళ్ల సంపును తరచుగ ఈ షెడ్డు క్రిందనే త్రవ్వుదురు. 2016 ఆగస్టులో మన గజ్వేలు చెంతనున్న కోమటిబండయందు మిషన్ భగీరథ ప్రారంభమై నల్లా నీరు ఇంటింటికి వచ్చిన పిమ్మటను, వచ్చిన వేళకు నీరు పట్టి దాచుకొను అలవాటు మనలను విడువలేదు. సంపుమీది స్లాబు రాత్రింబవళ్లు క్రిందినుండి ఆవిరిని పీల్చుచుండును. పైన ఎపాక్సీ గాలి చొరని పొరయై మూసివేయగా, ఆ ఆవిరి పూతను బుడగలుగా లేపును. కోమటిచెరువు వంటి పెద్ద చెరువుల కట్ట దిగువ నున్న ఇండ్లలోను, మట్టిపై ప్లాస్టిక్ పరదా పరవక గచ్చు వేసిన ఇండ్లలోను ఇదే ఉపద్రవము కలుగవచ్చును. దీనికి పరీక్ష సులభము. మూరెడు చదరపు దళసరి ప్లాస్టిక్ కాగితమును గచ్చుపై పరచి, నాలుగంచులు గాలి దూరకుండ టేపుతో అంటించి, సాయంకాలము మొదలు మరునాటి ఉదయము వరకు, కనీసము 16 గంటలు, ఉంచవలెను. తీసినపుడు లోపల చెమట పట్టినను, గచ్చు నల్లబడినను, ఆ చోట ఎపాక్సీ తగదు. సంపుమీద ఒకటియు, గోడవార ఒకటియు, నడుమ ఒకటియు పెట్టి చూచుట యుక్తము. తడి తేలినచో సంపు లోపలి కప్పునకు నీరు పట్టని పూత వేయించి మరల పరీక్షింపవలెను, లేదా ఎపాక్సీ ఆలోచన మానుకొని గరుకైన పార్కింగు టైల్సు వేయించుకొనుట మేలు. ఇదివరకే అట్టి టైల్సు వేసియున్న షెడ్డునకు వానిపై మరల ఎపాక్సీ అక్కరయే లేదు. కొత్త గచ్చునకు మాత్రము, నీళ్లు పట్టి ఆరబెట్టి, 28 దినములు గడువక పూత తలపెట్టరాదు.

కొలతను గురించి ఒక్క మాట. ఒక లీటరు ద్రవమును ఒక చదరపు మీటరున పరచినచో దాని మందము సరిగా ఒక మిల్లీమీటరగును. పదడుగుల వెడల్పు, ఇరువదడుగుల పొడవు గల కారు తావు 200 చదరపు అడుగులు, అనగా సుమారు 18.6 చదరపు మీటర్లు. దానిపై 250 మైక్రానుల పూత నిలువవలెనన్న, ఏమియు ఆవిరి కాని ఎపాక్సీ ఒక పొరకు నాలుగున్నర లీటర్లకు పైగా కావలెను. నీళ్లతో కలిపిన రకమునందు సగము నీరే యైనచో, ఆరిన పిదప సగము మందమే మిగులును. మూడు లీటర్లతో షెడ్డంతయు మూడు పొరలు వేసెదనన్న వాని మాట ఈ చిన్న లెక్కకు నిలువదు. ఒకే డబ్బాలో వచ్చి, హార్డెనరు కలుపనక్కరలేని ఎపాక్సీ పెయింటు అని అమ్మునదియు ఈ పనికి చాలదు. ఎండలో తిరిగివచ్చిన వేడి టైరు దానిపై నిలిచి చల్లారునపుడు, ఆ పలుచని పొరను తనతో కూడ పెకలించుకొనిపోవును.

కాలమును ఎంచుకొనుటయు ఈ పనిలో భాగమే. కార్తికము మొదలు మాఘము వరకు మన ప్రాంతమున గాలి పొడిగాను, ఎండ మితముగాను ఉండును. ఎపాక్సీకి అదే అదను. వానకాలమున గాలిలోని తేమ హార్డెనరుతో కలిసి, పూతపై జిడ్డు వంటి తెల్లని పొర కట్టును. తరువాతి పూత దానిని అంటదు. వైశాఖ జ్యేష్ఠములలో వేడిమి 40 డిగ్రీలు దాటగా, కలిపిన రెజిన్ బకెటులోనే పొగలు గ్రక్కి గడ్డకట్టును. అందుచేత కలిపిన వెంటనే దానిని గచ్చుపై చారలుగా పోసివేయవలెనే గాని బకెటులో నిలువ ఉంచరాదు. దినములోను ప్రొద్దు వాలినపుడు పూయుట మంచిది. ఉదయమున గచ్చు వేడెక్కుచుండగా దాని రంధ్రములలోని గాలి వ్యాకోచించి, పూతను పొడుచుకొని సూదిబెజ్జములు చేయును. సాయంకాలము గచ్చు చల్లబడుచుండగా అదే గాలి సంకోచించి పూతను లోనికి లాగుకొనును.

ఎండ సోకు అంచున, ముఖ్యముగా పడమటి ముఖముగల ఇండ్లలో, ఎపాక్సీ పసుపుబారి, క్రమముగా సుద్దవలె పొడియగును. అచట దానిపై పాలీయురిథేను పూత వేయించుట అవసరము. తెలుపు, లేత చందనపు రంగులు దసరానాటి వాహన పూజలో ఒలికిన పసుపు కుంకుమల మరకను మరునాటి వరకు ఉంచినచో పీల్చుకొనును గనుక, బూడిదరంగును నేను మెచ్చుదును. వీథినుండి గేటులోనికి ఎక్కు వాలుపై మాత్రము ఎపాక్సీయే వేయవలదని నా గట్టి మాట. వానకును ఎండకును అది నేరుగా గురియగును, స్కూటీ జారునదియు అచటనే. సిమెంటు పచ్చిగా నున్నపుడే అడ్డముగా గీతలు లాగించిన వాలు దానికంటె నూరు రెట్లు క్షేమము.

ఈ పని చేయు వారిని గురించి చెప్పక ముగించుట నాకు ఇష్టము లేదు. గచ్చును పొడిగా గ్రైండు చేయునపుడు లేచు దుమ్ములో సిలికా కలదు; ఏండ్ల తరబడి పీల్చినవాని ఊపిరితిత్తులను అది మరల బాగుపడని విధమున చెడగొట్టును. హార్డెనరు చర్మమునకు అంటినచో కొందరికి జీవితకాలము వీడని దురదయు దద్దుర్లును పుట్టును. ముక్కునకు తగిన మాస్కు, చేతులకు తొడుగులు, కండ్లకు అద్దములు ఇచ్చుటకు కంట్రాక్టరు వెనుదీసినచో, ఇంటి యజమాని తానే కొనియిచ్చుట ధర్మము. షెడ్డునకు అగు మొత్తము ఖర్చులో అది లెక్కింపదగినంత యుండదు. యాసిడ్ వాడక తప్పనిచో నీటిలో యాసిడ్ పోయవలెను గాని యాసిడ్‌లో నీరు పోయరాదని వారికి జ్ఞాపకము చేయవలెను.

పై పూత పూర్తియైన మరునాడు నడువవచ్చును. కారును మాత్రము వారము దినములు వెలుపలనే ఉంచవలెను. పైకి గట్టిగా తోచినను లోపలి సంయోగము అప్పటికి గాని ముగియదు. పిమ్మట మామూలు సబ్బునీటితో, మెత్తని కుచ్చుగల బ్రష్షుతో కడిగిన చాలును, యాసిడ్ తగులనీయరాదు. గింజల నడుమ నూనె జిడ్డు చేరినచో గరుకుదనమే మరుగున పడును గనుక, ఇంజను నూనె చుక్క పడిన నాడే తుడిచివేయవలెను. కొన్ని ఏండ్లకు టైరు నడచు రెండు బాటలందును గింజ అరిగి, చేతితో తడిమినచో నునుపు తగులును. అపుడు ఆ మేరకు మాత్రమే గరుకుకాగితముతో రుద్ది, దుమ్ము తుడిచి, రెజిన్ పూసి, మరల రవ్వ చల్లి, పై పూత వేయించినచో చాలును; గచ్చు యావత్తు పెకలింపవలసిన పని లేదు.